చదువుతున్నట్టే ఉండండి

దేవుడు పిల్లలకు వేళ్లెందుకిచ్చాడన్న అనుమానం నాకు చాలా ఏళ్లుగా ఉంది. పుస్తకంలో పేజీలు తిప్పడానికేమో అనుకునేవాణ్ణి. ఎంత అమాయకత్వం! మా ఊరి బడికి అద్దాల బీరువా వచ్చాక తెలిసింది, అవి దాని ముందు చేతులు కట్టుకుని నిలబడడానికని.

మా ఊళ్లో బస్సు కూడా ఆగదు. అలాంటి ఊరికి ఎవరో పుణ్యాత్ములు బీరువా నిండా బొమ్మల కథల పుస్తకాలు పంపారు. హెడ్మాస్టరు గారు ఆ రోజే తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

"పిల్లలకు ఇవ్వరాండీ?" అని నసిగాను.

"ఇస్తే చదివేస్తారండీ. చదివితే నలుగుతాయి. నలిగితే సంజాయిషీ మీరిచ్చుకుంటారా?"

నిజమే కదా! లాభాలు మీరే చూడండి. ఇంతవరకూ ఒక్క పుస్తకమూ చిరగలేదు. అద్దంలోంచి అట్టల మీది పేర్లు కూడబలుక్కుని పిల్లల కంటిచూపు గద్దలకు దీటుగా తయారైంది. ఇంట్లో కాగితం ముక్క కనబడని పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? మిఠాయి దుకాణం అద్దానికి ముక్కు ఆనిస్తే కడుపు నిండడం లేదూ?

అన్యాయంగా మాట్లాడకూడదు, బీరువా తెరుస్తారు కూడా. పట్నం నుంచి పెద్దలు తనిఖీకి వచ్చినప్పుడు తలా ఒక పుస్తకం పంచి, ఫొటో కాగానే లాక్కుంటారు. మొదటి పేజీలే తెరవాలి, లోపలివి కొత్తగా ఉండాలని ఆజ్ఞ. మా మనవరాలికి ప్రతిసారీ ఎర్ర అట్ట పుస్తకమే. ఫొటోలో బాగా పడుతుందట. అందులో ఎలుగుబంటి పిల్ల గోతిలో పడేసరికి ఫొటో అయిపోతుంది.

"తాతయ్యా, అది బయటికొచ్చిందా?"

"దేవుడు పైకి లాగే ఉంటాడమ్మా."

"ఏ పేజీలో?"

కనుక్కుని చెబుతానన్నాను. ఆ మాట అలాగే బాకీ పడిపోయింది.

మొన్న మళ్లీ తనిఖీ అన్నారు. జనం నిండుగా కనబడాలని మమ్మల్నీ పిలిచి వెనక నిలబెట్టారు. పొద్దున్నే పుస్తకాలు పంచారు. పెద్దల కారు దారిలో ఎక్కడో మొరాయించిందట.

"ఏ క్షణానైనా వస్తారు. ఎవరూ పుస్తకం దించొద్దు, చదువుతున్నట్టే ఉండండి" అని చెప్పి హెడ్మాస్టరు గారు గేటుకు అతుక్కుపోయారు.

మధ్యాహ్నం దాటింది. సాయంత్రమైంది. అంతసేపు నటించే ఓపిక లేక పిల్లలు నిజంగానే చదివేశారు. ఘోరం!

కాబట్టి పట్నం పెద్దలకు నా విన్నపం. మా పిల్లల చదువు మీద మీకు శ్రద్ధ ఉంటే, తప్పకుండా వస్తున్నామని తరచూ కబురు పెట్టండి. పెట్టి, రాకండి.

ఇంటికొచ్చాక మనవరాలు నా పక్కన కూర్చుంది.

"దేవుడు రాలేదు తాతయ్యా. మిగతా ఎలుగుబంటి పిల్లలే గోతిలోకి కొమ్మ దించి లాగాయి."

ఆ కొమ్మ ఎవరిచ్చారో అడుగుదామనుకున్నాను, ఊరుకున్నాను. ఇన్నాళ్లూ నేను పడ్డ బాకీ నా తరఫున తనే తీర్చేసింది మరి.

చివరి పేజీ కాస్త నలిగిందట. సంజాయిషీ నేనే ఇచ్చుకుంటాను.