ఎవరూ లేరనడానికి నలుగురు

ఆ రోజు పొద్దున్నే ఆపరేటరు గారు పెట్టుకున్న పని ఒక్కటే: అప్పీలు విచారణకి వెళ్ళి నోరు మూసుకుని కూర్చోవడం. ఇంకొకరికైతే అదసలు పనే కాదు. ఆయనకి మాత్రం కత్తి మీద సాము. పోయినసారి కొంప ముంచింది ఆ నోరే మరి.

ఆయన సినిమా హాల్లో మెషీన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగమంతా చీకటి గదిలో ఒక్కరే కూర్చుని, చిన్న కిటికీలోంచి జనాన్ని వెనకవైపు నుంచి చూసిన మనిషి. ఇంటికొస్తే భార్య ఉండేది కాబట్టి ఆ లోటు తెలిసేది కాదు. ఆవిడ పోయింది. మోకాళ్ళు మొరాయించాయి. రెండో అంతస్తులోని రెండు గదులే లోకమైపోయాయి.

మొన్నామధ్య స్నానాల గదిలో జారిపడి లేవలేక సాయంత్రం దాకా అలాగే ఉండిపోయారు. పిలిచారు, కాసేపు కేకలు కూడా వేశారు. ఎవరూ రాలేదు. చివరికి దేకుతూ గుమ్మం దాకా వచ్చి ఎలాగో లేచారు. తగిలిన దెబ్బ నాలుగు రోజుల్లో తగ్గింది కానీ, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తన తలుపు తట్టాల్సిన అవసరం లోకంలో ఒక్కరికీ పడలేదన్న బాధ తగ్గలేదు. మళ్ళీ పడితే ఎలాగన్న భయమూ పోలేదు. అందుకే ప్రభుత్వం వారి 'తోడు' పథకానికి దరఖాస్తు పెట్టుకున్నారు. కదల్లేని ఒంటరివాళ్ళ ఇంటికి రోజూ ఒక మనిషిని పంపే పథకమది.

మొదటి విచారణలో అధికారి "చెప్పండి" అన్నాడు. ఆపరేటరు గారితో ఆ మాట ఎవరైనా అని ఎన్నాళ్ళయిందో! ఇక ఆగుతారా? ఒకసారి రీళ్ళు తారుమారై, చచ్చిపోయిన హీరో మర్నాడే లేచొచ్చి పెళ్ళి చేసుకుంటే జనం ఈలలు వేసిన వైనం పూసగుచ్చినట్టు చెప్పారు. అధికారి కళ్ళు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. ఆ తర్వాత, మనిషి మంచి హుషారుగా ఉన్నారు, తోడు అక్కర్లేదు అని రాసి దరఖాస్తు కొట్టిపారేశాడు.

"ఏడ్చి రండి మహాప్రభో అని పంపిస్తే నవ్వించి వచ్చారా?" అని తల పట్టుకున్నాడు ఎదురింటి ప్లీడరు గుమాస్తా.

"అంత ఇదిగా అడిగాడు కదండీ, పాపం."

"ఈసారి అప్పీలు వినడానికి ముగ్గురు అధికారులు కూర్చుంటారు. మీరు పెదవి విప్పారో, నా మీద ఒట్టే. మీకు దిక్కూ మొక్కూ లేదని చెప్పడానికి ఒక సాక్షిని తెచ్చుకోండి. ఒక్కరు చాలు."

ఆ ఒక్కరే ఎవరన్నది ఆయనకి తేలలేదు. ఎవరిని పిలిచినా రారని గట్టి నమ్మకం. అందుకని ఒకరికి తెలియకుండా ఒకరిని నలుగురిని అడిగారు: పాలామెని, ఇస్త్రీ అతన్ని, మందుల షాపాయన్ని, కింది వాటా లెక్కల మాస్టారిని. నలుగురూ "చూద్దాం లెండి" అన్నారు. ఆ పొద్దున నలుగురూ తయారై వచ్చి, మెట్ల మీద ఒకరినొకరు చూసి గతుక్కుమన్నారు. చేసేదేం లేక ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, నాలుగు కాళ్ళు నలుగురూ పట్టుకుని, మెట్లు దించి, విచారణ గది దాకా ఊరేగింపుగా మోసుకెళ్ళారు. గుమాస్తా ముఖంలో అప్పుడే నెత్తురు చుక్క లేదు.

"ఈయన్ని పట్టించుకునేవాళ్ళు నిజంగా ఎవరూ లేరా?" అని పెద్ద అధికారిణి నలుగురితోనూ ప్రమాణం చేయించి, ముందు పాలామెని అడిగింది.

లేరు అనబోయిన పాలామె వెనక్కి చూసింది. మిగతా ముగ్గురు సాక్షులూ వింటున్నారు. లేరంటే తనూ పట్టించుకోనట్టేగా!

"ఎవరూ లేరమ్మా... అంటే, నేనున్నాననుకోండి. రోజూ లోపలికెళ్ళి పాలు కాచిచ్చి మరీ వస్తాను."

ప్యాకెట్టు గుమ్మంలో పడేసి పోయే మనిషి! ఇస్త్రీ అతనికి రోషం వచ్చింది. "పాలు కాస్తే సరా? బట్టలన్నీ అలమరాలో సర్దిపెట్టేది నేనండీ."

"మాత్రలు చేతికిచ్చి మింగించేది నేను" అన్నాడు మందుల షాపాయన.

"సాయంత్రం గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పేది ఎవరనుకున్నారు?" అంటూ మాస్టారు లేచి నిలబడ్డారు. గొంతులు పెరిగాయి. ఆయనకి వేణ్ణీళ్ళు పెట్టేది తానంటే తానని పాలామె, ఇస్త్రీ అతను కొట్టుకునేంత పని చేశారు.

ఆపరేటరు గారు నోరు మెదపకుండా వింటున్నారు. వాళ్ళు చెబుతున్న ఆ ఇల్లు ఆయనకి బాగా నచ్చింది. అలాంటి ఇంట్లో ఉండాలని ప్రాణం కొట్టుకుంది.

"వీళ్ళు చెప్పేది నిజమేనా?" అని అధికారిణి ఆయన్నే అడిగింది.

కాదంటే కేసు నెగ్గుతుంది. గుమాస్తా కళ్ళతోనే బతిమాలుతున్నాడు. సాక్షులు నలుగురూ తలలు దించుకున్నారు. ఆ తలలు చూస్తే ఆయనకి జాలేసింది.

"నిజమేనండీ. ఇల్లంతా ఒకటే సందడి."

అప్పీలు అక్కడికక్కడే కొట్టేశారు. నలుగురూ ఆయన్ని మోసుకొచ్చి ఇంట్లో దించి, పనులున్నాయంటూ తలోదారి పట్టారు. దించినచోటే, దీపం కూడా వేసుకోకుండా ఆపరేటరు గారు చాలాసేపు కూర్చున్నారు. ఇక ఎవరూ రారన్నది ప్రభుత్వమే తేల్చేసింది.

వారం తిరక్కుండా పాలామె నేరుగా వంటింట్లోకి వచ్చేసింది.

"గిన్నెలెక్కడ పెడతారండీ? మా నలుగురికీ తాఖీదులొచ్చాయి. ప్రమాణం చేసి చెప్పిన పనులన్నీ చెప్పినట్టే జరగాలంట. చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్టరు వస్తాడంట. తేడా వస్తే దొంగసాక్ష్యం కేసు!"

కాసేపటికి ఇస్త్రీ అతను అలమరా ఎటు తెరుచుకుంటుందో తెలీక కుస్తీ పట్టాడు. మందుల షాపాయన మాత్రలిచ్చి, నోరు తెరిపించి చూసి మరీ వెళ్ళాడు. సాయంత్రం మాస్టారు వచ్చి, ఏం మాట్లాడాలో తోచక మొదటిరోజు గంటసేపూ వడ్డీ లెక్కలు చెప్పారు. భయపడి వస్తున్నారని ఆపరేటరు గారికి తెలుసు. తెలిసినా, మర్నాడు పాలామె వచ్చే వేళకి తల దువ్వుకుని కూర్చున్నారు.

పదిరోజులకి గుమాస్తా ఎగిరి గంతేస్తూ వచ్చాడు. "దొరికారు ఆఫీసువాళ్ళు! సాక్షుల చేత చాకిరీ చేయించమని ఏ చట్టంలోనూ లేదు. పైకి అప్పీలు వేద్దాం, కళ్ళు మూసుకుని గెలుస్తాం."

"గెలిస్తే వీళ్ళు మానేస్తారా?"

"మానేయరూ మరి!"

"అయితే వద్దులెండి" అన్నారు ఆపరేటరు గారు.

గెలిచే కేసుని చేతులారా వదులుకున్న పిచ్చివాణ్ణి తన సర్వీసులో ఒక్కణ్ణే చూశానని గుమాస్తా కనబడినవాళ్ళందరికీ చెబుతుంటాడు.