అల్వారోకు ఆరు భుజాలు

టూరిస్టులు ఊళ్ళను పాడుచేస్తారని ఎవరైనా అంటే నమ్మకండి. మా మోంతెలారో కొండెక్కి వచ్చి అడగండి, నిజం తెలుస్తుంది. ఆ పుణ్యాత్ములే లేకపోతే తాళాల అల్వారో ఇప్పటికీ మూడో అంతస్తులో, తన మంచం మీదే పడుకుని ఉండేవాడు, ప్రాణం లేకుండా.

అల్వారో బ్రజెత్తి పోయిన నెల ఒక గురువారం పొద్దున కాఫీ తాగి, కప్పు కింద పెట్టి, కన్నుమూశాడు. డెబ్భై ఎనిమిదేళ్ళవాడు. ఒకప్పుడు కొండ మీద అతని చేయి పడని తాళం లేదు. తర్వాత మంచి రోజులొచ్చాయి. ఇళ్ళన్నీ టూరిస్టులకిచ్చే అద్దె గదులయ్యాయి. ప్రతి గుమ్మం పక్కనా అంకెలు నొక్కితే తెరుచుకునే చిన్న డబ్బా వెలిసింది, తాళంచెవి అందులోనే ఉంటుంది. తాళాలవాడికి జన్మంతా దొరకని విశ్రాంతి ఒక్క ఏడాదిలో దొరికింది. ఇంతకంటే ఉపకారం ఎవరు చేస్తారు?

విశ్రాంతి దొరికింది గానీ నిద్ర దొరకలేదు. అతని కిటికీ కింద రాళ్ళు పరిచిన సందు. పొద్దున ఐదింటికల్లా మొదటి బస్సు అందుకోవాలని పరుగెత్తేవాళ్ళ సూట్‌కేసులు ఆ రాళ్ళ మీద గడగడమంటూ పోయేవి. ఆరేళ్ళు ఆ గడగడలు వింటూనే లేచాడు. చివరికి భార్య ఇనెస్ దగ్గర మాట తీసుకున్నాడు.

"నేను పోయాక నన్ను మాత్రం చక్రాల మీద తీసుకెళ్ళొద్దు. నేను సూట్‌కేసును కాను."

ఇచ్చిన మాటే ఇప్పుడు ఇనెస్ మెడకు చుట్టుకుంది. వాళ్ళ ఇంటి నుంచి చర్చి దాకా నూట పన్నెండు మెట్లు దిగాలి, ఆ తర్వాత ఊరి గేటు, గేటు దాటి రెండు వందల అడుగులు వేస్తే శ్మశానం. కింద మైదానం నుంచి అంత్యక్రియల వ్యాపారి దారియో వచ్చాడు, చిన్న బండి ఒకటి తెచ్చాడు.

"రబ్బరు చక్రాలమ్మా. మెట్ల మీద కూడా చప్పుడు రాదు, చూడండి" అని తోసి చూపించాడు.

"రబ్బరుదైనా బంగారందైనా చక్రం చక్రమే బాబూ. తీసేయ్" అంది ఇనెస్.

"అయితే ఆరుగురు కావాలి. నా దగ్గర ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్ళను ఊళ్ళోవాళ్ళే చూసుకోవాలి."

ఊళ్ళోవాళ్ళు. ఆ మాట విని ఇనెస్ పక్కనే నిలబడ్డ సెత్తిమియో వైపు చూసింది. అతను అల్వారో స్నేహితుడు, రిటైరైన పోస్ట్‌మాన్, డెబ్భై మూడేళ్ళు, రెండు మోకాళ్ళూ పాడైనవాడు.

"నలుగుర్ని నేను తెస్తాను. నేనొకణ్ణి, ఇంక ముగ్గురేగా" అన్నాడు సెత్తిమియో.

నలభై ఏళ్ళు ఉత్తరాలు పంచిన మనిషి. ఏ గుమ్మం వెనక కుక్క ఉందో, ఏ గుమ్మం వెనక కొడుకు ఉత్తరం రాకపోతే అన్నం మానేసే తల్లి ఉందో అతనికి తెలుసు. ముగ్గురు మగవాళ్ళను పట్టుకురావడం ఎంతసేపు అనుకున్నాడు.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాడు. ఫాబ్రి వాళ్ళ గంట నొక్కబోయి పేరు చూశాడు. 'తీపి కలలు' అని ఉంది. ఒకప్పుడు మంత్రసాని ఉన్న ఇంటి మీద 'పావురాల గూడు'. బడి పంతులు ఇంటి మీద 'సూర్యాస్తమయం ఒకటి, రెండు, మూడు'. ఒక కొండకు మూడు సూర్యాస్తమయాలు రావడం టూరిస్టుల పుణ్యమే కదా, మన తాతలకు ఒక్కటే ఉండేది.

అయినా రెండో సూర్యాస్తమయం గంట నొక్కాడు. తువ్వాలు చుట్టుకున్న ఒకావిడ తలుపు తీసి, ఇంగ్లీషులో ఆవేశంగా ఏదో చెప్పి, అతని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. వేడినీళ్ళు రావడం లేదట. సెత్తిమియో మర్యాదస్తుడు. కాదు నేను వేరే పని మీద వచ్చానని చెప్పడానికి ఆ భాష రాదు. ముప్పావు గంట మోకాళ్ళ మీద కూర్చుని బాయిలర్ వెలిగించాడు. ఆవిడ సంతోషించి ఆ ఇంటికి ఐదు స్టార్లు ఇచ్చిందని తర్వాత తెలిసింది. వేడినీళ్ళు వచ్చాయి, భుజం మాత్రం దొరకలేదు.

దారిలో ఒక మేకు కొందామనుకున్నాడు, అల్వారో ఫోటో గుమ్మానికి తగిలించడానికి. మేకులమ్మే కొట్టులో ఇప్పుడు ఆలివ్ నూనె సబ్బులు అమ్ముతున్నారు. రొట్టెల కొట్టులో ఫ్రిజ్‌కి అంటించుకునే అయస్కాంతాలు, రొట్టె ఆకారంలో. పళ్ళు లేనివాళ్ళకు కూడా అనువైన రొట్టె. మా ఊరి అభివృద్ధి చూసి కళ్ళు చెమర్చని వాడుంటాడా?

ఇంటికొచ్చి, కింద మైదానంలో స్థిరపడ్డ ఊరివాళ్ళకు ఫోన్లు చేశాడు. ఫాబ్రి వాళ్ళ రెంజో ఎత్తాడు. వాడు చిన్నప్పుడు అల్వారో కొట్టులోనే పని నేర్చుకున్నాడు.

"అయ్యో, అల్వారో పోయాడా? ఎంత మంచివాడు, పెద్దాయనా" అని నిజంగానే ఏడ్చాడు రెంజో. ముక్కు తుడుచుకుని, "ఎప్పుడు?" అన్నాడు.

"రేపు పదకొండింటికి. నీ భుజం కావాలిరా."

"శనివారమా? శనివారం పైన కారు పెట్టే చోటు ఎక్కడుంటుంది? ఊరివాళ్ళకిచ్చే పాసు నాకిప్పుడు లేదు కదా. సోమవారం పెట్టుకోండి, తప్పకుండా వస్తాను."

"సోమవారం దాకా అల్వారో ఆగలేడురా" అని సెత్తిమియో ఫోన్ పెట్టేశాడు.

మరో ఎనిమిదిమంది కూడా ఏడ్చారు, వాళ్ళకూ పార్కింగే అడ్డొచ్చింది. సాయంత్రానికి తేలిన లెక్క ఇది: దారియో మనుషులిద్దరు, సెత్తిమియో, చర్చి పనివాడు గ్వాల్తియేరో. గ్వాల్తియేరోకు వేసవిలో హెర్నియా ఆపరేషన్ అయింది, అయినా కుడి భుజం మంచిదేనన్నాడు. నలుగురు.

ఇక మిగిలింది ఊరి ఆఫీసు. టూరిజం కార్యదర్శి స్వేవా చాలా మంచి అమ్మాయి, అందరికీ కుర్చీ వేస్తుంది. సెత్తిమియోకూ వేసింది.

"ఆఫీసులో కుర్రాళ్ళు ఇద్దర్ని పంపమ్మా, గంటసేపు చాలు."

"శనివారం మావాళ్ళంతా జనాన్ని అదుపు చేసే పనిలో ఉంటారు సెత్తిమియో గారూ. అసలు పదకొండింటికి ఐదు బృందాలున్నాయి. ఒకటిన్నరకు పెట్టుకోకూడదా? అందరూ భోజనాలకు వెళ్తారు, దారి ఖాళీ."

"ఫాదర్ ప్రోస్పెరోకు ఐదు ఊళ్ళున్నాయి. ఆయనకు పదకొండే కుదిరింది."

స్వేవా నిట్టూర్చి ఒక ఫారం తీసింది. వీధిలో ఊరేగింపు ఏదైనా సరే, ముందు రాసివ్వాలి. "రెండే రకాలున్నాయి ఇందులో. చారిత్రక వేషధారణతో, వేషధారణ లేకుండా. ఏది రాయను?"

"అల్వారోకు సూటు వేశామమ్మా. పెళ్ళి సూటు. యాభై ఏళ్ళనాటిది."

"అయితే చారిత్రకమే" అని నిజాయితీగా రాసుకుంది ఆ అమ్మాయి.

శనివారం పదకొండింటికి పది నిమిషాలుండగా శవపెట్టె మూడు అంతస్తులూ దిగి గుమ్మంలోకి వచ్చింది. నల్ల బట్టల్లో ఇనెస్, ఆమె వెనక ఊళ్ళో మిగిలినవాళ్ళు, వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. నలుగురు పెట్టెను భుజాలకెత్తారు. మూడు మెట్లు దిగేసరికి గ్వాల్తియేరో ముఖం సున్నం కొట్టినట్టయింది. సెత్తిమియో మోకాలు టక్కుమంది. పెట్టె ఒక పక్కకు ఒరిగింది.

"దించండి. పడేస్తారు" అంది ఇనెస్. పక్కనే దారియో బండి పట్టుకుని నిలబడ్డాడు. బండిని ఒక్క జానెడు ముందుకు జరిపాడు.

సరిగ్గా అప్పుడే కింది నుంచి పసుపు జెండా పట్టుకున్న గైడు, వెనక అరవై మందితో మెట్లెక్కి వచ్చింది.

వాళ్ళలో ఒక భారీ మనిషి ఆగాడు. మోకాళ్ళ దాకా నిక్కరు, చిలకల బొమ్మల చొక్కా, మేజోళ్ళ మీద చెప్పులు. పెట్టెను చూశాడు, గ్వాల్తియేరో ముఖం చూశాడు. మెళ్ళో కెమెరా తీసి భార్య చేతిలో పెట్టాడు, టోపీ తీసి జేబులో కుక్కాడు, ఎవర్నీ అడక్కుండా వచ్చి పెట్టె కింద భుజం ఆనించాడు. అతని పేరు బోగుమిల్, పోలండ్ మనిషి అని తర్వాత తెలిసింది. గుంపులోంచి మరొకరు వచ్చారు. నార్వే నుంచి వచ్చిన రాన్‌హిల్డ్, ఆరడుగుల పైన పొడుగున్న ఆడమనిషి.

గ్వాల్తియేరో సందేహంగా ఇనెస్ వైపు చూశాడు. "ఆడమనిషి కదా..."

"ఉండనీ. ఆయనకు పొడుగాటి ఆడవాళ్ళంటే ఎప్పుడూ ఇష్టమే" అంది ఇనెస్.

అలా ఆరుగురయ్యారు. పెట్టె లేచింది.

ఆ వెనక జరిగింది చూసినవాళ్ళు ఎవరూ టూరిస్టుల మీద ఈగ వాలనివ్వరు. గైడు అరవై మందినీ వెనక్కి తిప్పింది. చౌరస్తాలో మరో రెండు బృందాలు కలిశాయి. చర్చి దగ్గరకు వచ్చేసరికి మూడు వందల మంది. గైడు వెనక నడుస్తూ వివరంగా చెబుతోంది. ఇది పదమూడో శతాబ్దం నుంచి వస్తున్న తాళాల పనివాళ్ళ సంఘం ఆచారమట, ముందు నడిచే ముసలాయన సంఘపెద్దట. సంఘపెద్ద సెత్తిమియో అది వింటూ, పళ్ళ బిగువున మెట్లు దిగాడు.

చర్చి దగ్గర మరో చిక్కు వచ్చింది. పెద్ద తలుపు మరమ్మతుల్లో ఉంది. టిక్కెట్టు తీసుకున్నవాళ్ళు ఒక్కొక్కరే దూరే, గుండ్రంగా తిరిగే ఇనుప గేటు ఉంది, అందులో అల్వారో పట్టడు. పక్క తలుపు ఇరవై ఐదుగురికి మించిన బృందాలకు మాత్రమే తీస్తారు. టిక్కెట్ల కిటికీలో కూర్చున్న ఫుల్వియా తల బయటికి పెట్టి చూసింది. ఆమెకు అల్వారో తెలుసు, ఇనెస్ తెలుసు. రూల్స్ ఇంకా బాగా తెలుసు.

"మీరెంతమంది?" అంది.

"మూడు వందలు" అన్నాడు సెత్తిమియో.

పక్క తలుపు బార్లా తెరుచుకుంది. ఆ నల్ల బట్టలవాళ్ళు మాత్రమే వచ్చి ఉంటే అల్వారోకు చర్చి మెట్ల మీదే ప్రార్థన జరిగేది. ఇప్పుడు చెప్పండి, టూరిస్టులు వరమా కాదా?

నలభై ఏళ్ళలో మొదటిసారి నిండిన చర్చిని చూసి ఫాదర్ ప్రోస్పెరో ఉప్పొంగిపోయి అరగంట మాట్లాడాడు. ఒక్కరికీ అర్థం కాలేదు, అందరూ తలూపారు. ముందు బెంచీలో ఇనెస్ వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. గురువారం నుంచీ ఆమెకు ఒకటే భయం, మొగుడి వెనక ఖాళీ చర్చి ఉంటుందని. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే కూర్చునే చోటు లేక నిలబడ్డవాళ్ళున్నారు. ఒకమ్మాయి వచ్చి ఆమెతో సెల్ఫీ తీసుకుంటానని సైగ చేసింది. ఇనెస్ ముసుగు సర్దుకుని, తీయనిచ్చింది.

పెట్టె చర్చి దాటుతుంటే చప్పట్లు కొట్టారు. మా వైపు పోయినవాళ్ళకు చప్పట్లు కొట్టే ఆచారం ఉన్నదే. "ఇంకొకసారి" అని ఎవరో అరిచారు, అది మాత్రం కొత్త.

ఊరి గేటు దాటగానే గైడు జెండా ఎత్తింది. పన్నెండున్నర, భోజనం బుక్ చేసి ఉంది. రాన్‌హిల్డ్ బస్సు హారన్ కొడుతోంది. ఆమె పెట్టెను జాగ్రత్తగా దారియో భుజానికి అప్పగించి, ఇనెస్ చెయ్యి నొక్కి, పరుగెత్తింది. శ్మశానం గోడ దగ్గర ఇనెస్ వెనక్కి తిరిగి చూసింది. మూడు వందల మంది లేరు. పొద్దున గుమ్మం ముందున్నవాళ్ళే ఉన్నారు, వాళ్ళతో పాటు చిలకల చొక్కా ఒకటి.

బోగుమిల్ గొయ్యి పూడ్చేదాకా కదల్లేదు. అతని బస్సు వెళ్ళిపోయింది. భార్య గేటు దగ్గర రాతి అరుగు మీద చెప్పులు విప్పుకుని కూర్చుని ఉంది, కోపంగా కాదు. అతను ఒకప్పుడు రెండు వేసవులు కింద ద్రాక్షతోటల్లో పనిచేశాడట, నాలుగు మాటలు వచ్చు.

"ఎందుకు నిలిచిపోయావయ్యా?" అని సెత్తిమియో అడిగాడు.

బోగుమిల్ మాటల కోసం వెతుక్కున్నాడు. "మా ఊళ్ళో, నాన్న... నలుగురం మోశాం. బరువు." భుజం తట్టుకుని చూపించాడు. "ఇంకా ఇద్దరు ఉంటే బావుండు అనిపించింది."

ఇనెస్ ఆ మొగుడూ పెళ్ళాలను ఇంటికి తీసుకెళ్ళి చిక్కుళ్ళ సూపు పెట్టింది. అల్వారో కుర్చీలో బోగుమిల్ కూర్చున్నాడు. వద్దనడానికి ఆమెకు మనసు రాలేదు, కూర్చోమనడానికీ రాలేదు. అతను లేచి వెళ్ళాక ఆ కుర్చీ పట్టుకుని ఏడ్చింది, మూడు రోజుల్లో మొదటిసారి.

మంగళవారం స్వేవా వచ్చింది. చేతిలో పూలు, మరో చేతిలో ఫోన్. అద్భుతమైన రివ్యూలు వచ్చాయని చెప్పింది. మా ఊళ్ళో చూడదగ్గవాటిలో అల్వారో అంత్యక్రియలు గంటగోపురాన్ని దాటి రెండో స్థానంలోకి వచ్చాయి. ఒకాయన మాత్రం మూడే స్టార్లు ఇచ్చాడు, ప్రసంగం పొడుగైందని.

"మళ్ళీ ఎప్పుడని అందరూ అడుగుతున్నారు ఇనెస్ గారూ. సీజన్లో ప్రతి శనివారం పెడదామని మా ఆలోచన. పెట్టె ఖాళీదే. మీరు ఏడవక్కర్లేదు, నల్ల బట్టలతో నడిస్తే చాలు. సెత్తిమియో గారు ముందుంటారు. మోసేందుకు టూరిస్టులు పోటీ పడుతున్నారు."

ఇనెస్ పూలు తీసుకుని నీళ్ళలో పెట్టింది. జవాబు సెత్తిమియో చెప్పాడు.

"ఖాళీ పెట్టె ఎందుకమ్మా, మోసం కదా. జనం అంత దూరం నుంచి వస్తారు. నిజమైనవే పెడదాం."

స్వేవా ముఖం వెలిగింది. "అలా వీలవుతుందా? ఎన్ని వస్తాయి?"

"కొండ మీద పదకొండు మందిమి ఉన్నాం. పదకొండు వస్తాయి. ఆ తర్వాత ఎవర్ని మోస్తారో మీరే చూసుకోవాలి."

స్వేవా ఫోన్ తీసి క్యాలెండర్ చూసుకుంది. "రెండు సీజన్లకు సర్దగలరా?" అని ఎంతో మర్యాదగా అడిగింది.

"చెప్పలేనమ్మా. మాలో ఇద్దరు మొండిఘటాలున్నారు" అన్నాడు సెత్తిమియో, ఇనెస్ వైపు ఓరగా చూస్తూ.

"ఇద్దరు కాదు. పదకొండు మందీ మొండివాళ్ళే. రాసుకో అమ్మాయ్" అంది ఇనెస్.

స్వేవా రాసుకుంది.