పక్క సీటు బరువు

ఆల్డ్‌విక్ కార్ల యజమానుల సంఘం ఇరవై తొమ్మిదో వార్షిక తూకం, మే నెల మూడో ఆదివారం నాడు, నీథర్ కాట్ గ్రామంలో పబ్బు వెనక ఉన్న గడ్డిమైదానంలో సలక్షణంగా జరిగింది. ప్రాణనష్టం లేదు. ఒకరికి జలుబు చేసింది. ఇద్దరికి నడుము పట్టేసింది. ఒక దంపతుల మధ్య ముప్పై ఒక్క ఏళ్ళుగా నడుస్తున్న ఏర్పాటు ఒకటి రద్దయింది. జలుబూ నడుమూ కార్యదర్శి నివేదికలో ఉన్నాయి. మిగిలినది సంఘం పరిధిలోకి రాదు.

ఆల్డ్‌విక్ గొప్ప కారు. ఆ సంగతి దాని యజమానులందరూ ఏకగ్రీవంగా ఒప్పుకుంటారు. ష్రాప్‌షైర్ జిల్లాలో మిగతా జనాన్ని ఎవరూ అడగలేదు. అందులో ఇద్దరు పడతారు. ఆ ఇద్దరికీ మోకాళ్ళు లేకపోతే ఇంకా హాయిగా పడతారు. పైకప్పు గుడ్డది. వాన వస్తే వేసుకోవచ్చు. వేసుకున్నవాడితో సంఘంలో ఎవరూ మాట్లాడరు. ఎదురుగా మరో ఆల్డ్‌విక్ వస్తే చెయ్యెత్తి పలకరించాలి. జవాబుగా చెయ్యెత్తకపోవడం సభ్యత్వం రద్దు చేయదగ్గ నేరం. మలుపుల్లో స్టీరింగు వదిలి చెయ్యెత్తడం వల్ల ఏటా ఒకరిద్దరు ముళ్ళకంచెలోకి వెళ్తుంటారు గాని, మర్యాద తప్పారన్న మాట ఇంతవరకు ఎవరికీ రాలేదు.

ఈ కారును సృష్టించిన మహానుభావుడి సిద్ధాంతం ఒక్కటే: కారు బాగుపడాలంటే దానికి ఏదీ చేర్చకూడదు, దాంట్లోంచి ఏదో ఒకటి తీసెయ్యాలి. ఆయన తన జీవితకాలంలో వెనక సీటు తీసేశాడు, తలుపు పిడులు తీసేశాడు, ఇంధనం ఎంతుందో చూపించే ముల్లు తీసేశాడు. చివరికి ఫ్యాక్టరీయే ఎత్తేశాడు. శిష్యులు ఆ మార్గంలో నడుస్తున్నారు. ఏటా కార్లను తూచి, అందరికన్నా తేలికైన కారుకు వెండి కప్పు ఇస్తారు. చక్రానికొకటి చొప్పున నాలుగు తూకం పళ్ళేలు పెడతారు. డ్రైవరు లోపల కూర్చుని, ఊపిరి పూర్తిగా వదిలేసి, ముల్లు నిలిచేదాకా మళ్ళీ పీల్చకుండా ఉండాలి.

ఆరేళ్ళుగా ఆ కప్పు అధ్యక్షుడు ఆబ్రీ టిమ్స్‌దే. టిమ్స్ నలభై ఏళ్ళు పళ్ళ డాక్టరుగా పనిచేశాడు. పని మానుకున్నాక చెయ్యి ఊరుకోక, కారులో కనబడిన ప్రతి ఇనప పట్టీకీ రంధ్రాలు తొలిచాడు. పన్నయితే తొలిచాక పూడ్చాలి. కారుకు ఆ పీడ లేదు.

కిందటి ఏడు ఆయన చేతిలో నాలుగు వందల గ్రాముల తేడాతో ఓడిపోయినవాడు మాల్కమ్ పర్కిస్. ఆ నాలుగు వందల గ్రాములు పొద్దున తిన్న మాంసం కూరిన రొట్టె రెండో ముక్కే అని పర్కిస్‌కు తెలుసు. ముప్పై మూడేళ్ళు జిల్లా కౌన్సిల్‌లో మురుగుకాలువల తనిఖీ అధికారిగా పనిచేసిన మనిషి. ఎక్కడ ఏం అడ్డుపడిందో కనిపెట్టడం ఆయన వృత్తి. ఎంతోకాలంగా తెల్లవారుజామున మెలకువ రాగానే గుండెల మీద ఏదో బరువు పెట్టినట్టుండేది. డాక్టరు పరీక్షించి ఏమీ లేదన్నాడు. ఏమీ లేనిదానికి అంత బరువెక్కడిదని పర్కిస్ ఆలోచించేవాడు. ఒకరోజు కారులోంచి సిగరెట్టు బూడిద డబ్బా ఊడదీస్తే, ఆ బరువు కొంత దిగినట్టనిపించింది. ఆయన సిగరెట్టు తాగడు. అయినా అప్పటినుంచి దారి దొరికింది.

హారను తీసేసి, అడ్డం వచ్చినవాళ్ళను నోటితో అదిలించడం మొదలుపెట్టాడు. తలుపులు తీసేసి కాన్వాసు గుడ్డ కట్టాడు. రంగు కూడా నాలుగు కిలోలుంటుందని ఏదో పత్రికలో చదివి, చలికాలమంతా కూర్చుని గీకేశాడు; కారు తోమిన గిన్నెలా తయారైంది. కారులో తీయాల్సినవి తగ్గాక తనలో తీయాల్సినవి కనబడ్డాయి. పంచదార మానాడు. తర్వాత రాత్రి భోజనం మానాడు. గుండు గీయించుకున్నాడు. ఈలోగా టిమ్స్ కూడా రంధ్రాలు తొలుస్తూనే ఉన్నాడు. ఇంత చేసినా ఏప్రిల్ నెలలో తూచి చూసుకుంటే, టిమ్స్ చెప్పుకుంటున్న బరువు కన్నా పర్కిస్ ఇంకా పదకొండు కిలోలు ఎక్కువున్నాడు. తీయడానికి ఇంకేమీ మిగల్లేదు. ఎడమవైపు సీటు తప్ప.

ఆ సీటు ఆయన భార్య గ్లెనిస్‌ది. ఏటా జూన్ పద్నాలుగున, పెళ్ళిరోజు, ఇద్దరూ ఆల్డ్‌విక్‌లో వేల్స్ తీరాన అబర్డోవీకి వెళ్తారు. కారు సముద్రానికి ఎదురుగా ఆపి, వేయించిన చేపా బంగాళాదుంప ముక్కలూ కాగితం పొట్లంలోంచి తింటారు. సాధారణంగా వాన పడుతుంటుంది. ఎవరూ మాట్లాడరు. తిని, చేతులు తుడుచుకుని, ఇంటికొస్తారు. ఏడాది మొత్తంలో అదే సంతోషమైన రోజని ఇద్దరూ విడివిడిగా అనుకునేవారు. అనుకున్నట్టు ఒకరికొకరు చెప్పుకోలేదు.

గ్లెనిస్ టీ పట్టుకుని గరాజులోకి వచ్చేసరికి పర్కిస్ ఆ సీటువైపే చూస్తూ నిలబడి ఉన్నాడు.

“ఏం చూస్తున్నావలా?”

“ఏం లేదు.”

“ఏమీ లేనిచోట నువ్వు గంటసేపు చూడవు మాల్కమ్. ఏదో ఉండబట్టే చూస్తావు, పీకెయ్యడానికి.”

“ఈ సీటు పదకొండు కిలోలుంది.”

“నాతో కలిపా, నేను లేకుండానా?”

“నువ్వు లేకుండా. తూకం రోజు నిన్నెలాగూ లెక్కలోకి తీసుకోరు కదా.”

“తూకం రోజేనా?”

పర్కిస్ ఆ మాటలో ఏమైనా ఉందేమోనని వెతికాడు. పైకి ఏ అడ్డూ కనబడలేదు. “జూన్ పద్నాలుగు కల్లా మళ్ళీ బిగించేస్తాను,” అన్నాడు.

“హీటరప్పుడూ ఇదే మాట. తొమ్మిదేళ్ళయింది. అది ఇప్పుడు కోళ్ళగూట్లో ఉంది. కోళ్ళు సుఖంగా ఉన్నాయి.” టీ కప్పు ఇంజను మీద పెట్టింది. “పీక్కో. పదమూడో నంబరు స్పానరు కావాలి, ఇదుగో.”

అడక్కుండానే సరైన స్పానరు అందించిన ఇల్లాలిని చూసి పర్కిస్‌కు కళ్ళు చెమర్చాయి. తుడుచుకోలేదు. ఎంత పోతే అంత మంచిది.

తూకం రోజున వాన పడింది. మైదానం అంచున టీ గుడారం వేశారు. సభ్యులు ఊడదీసిన పక్క సీట్లు గరాజుల్లో ఊరికే పాడైపోవడం చూడలేక, సంఘం వాటిని ఆ గుడారంలో రెండు వరసలుగా వేయించింది. ఇరవై రెండు సీట్లు, వాటిలో ఇరవై రెండుమంది భార్యలు. మోకాళ్ళ మీద దుప్పట్లు కప్పుకుని, కాళ్ళు ముందుకు చాపుకుని, ఎవరో నడుపుతున్నట్టే ముందుకు చూస్తూ కూర్చున్నారు. గ్లెనిస్ తన సీటు చంకన పెట్టుకుని వచ్చింది.

“రామ్మా, నా పక్కన వేసుకో,” అంది అధ్యక్షుడి భార్య మార్జరీ టిమ్స్. అందరికన్నా ముందు సీటు ఊడింది ఆవిడదే. “మొదటి ఏడు కాస్త వింతగా ఉంటుంది. తర్వాత బానే ఉంటుంది. గాలి కొట్టదు, గేరు మార్చేటప్పుడు మోకాలి చిప్ప పగలదు.”

“మరి ఎక్కడికీ వెళ్ళం కదా?”

“ఇదివరకు మాత్రం ఎక్కడికెళ్ళామే? పబ్బు దాకా, అక్కణ్ణించి కంచెలోకి.”

టిమ్స్, పర్కిస్ సరిసమానంగా తూగారు. ముల్లు ఒకేచోట నిలిచింది. మళ్ళీ తూచాలని నియమావళి చెబుతోంది. పర్కిస్ బూట్లు విప్పాడు. కళ్ళజోడు తీశాడు. పెట్టుడు పళ్ళు తీశాడు. అవి చేసిచ్చింది టిమ్సే కాబట్టి ఆయన అభ్యంతరం చెప్పలేకపోయాడు. టిమ్స్ కూడా తనవి విప్పేశాడు; ముల్లు మళ్ళీ ఒకేచోట నిలిచింది. అప్పుడు పర్కిస్ తన ఎడమచేతి వేలు చూసుకున్నాడు. తిండి తగ్గి వేలు సన్నబడటంతో ఉంగరం ఇట్టే వచ్చేసింది. గుడారం దాకా నడిచి దాన్ని గ్లెనిస్ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని టీ సాసరులో, చెంచా పక్కన పెట్టింది.

ముల్లు వెంట్రుకవాసి కదిలింది. కప్పు పర్కిస్‌దయింది.

“సభ్యులారా,” అన్నాడు టిమ్స్, వానలో గొడుగు లేకుండా నిలబడి. “ఒకప్పుడు మన దేశం ప్రపంచంలో ఉన్న బరువంతా మోసింది. ఒక్కొక్కటే దించేసుకుంటూ వచ్చి ఇవాళ ఎంత తేలికపడిందో మీకు తెలుసు. ఆ తేలికను చక్రాల మీద నిలబెట్టిన ఘనత మన సంఘానిది. ఈ రోజు మన పర్కిస్ ఒక వెంట్రుకవాసి ముందుకు నడిచాడు. జాతి ఆయన వెనక నడవాలి.” జాతి తరఫున ఇరవైమంది తడిచిన మనుషులు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఇంటికొస్తూ పర్కిస్ మూడుసార్లు కంచెలోకి వెళ్ళాడు. ఎదురుగా ఎవరూ రాలేదు, చెయ్యెత్తలేదు. ఎడమవైపు తేలిపోయి కారు దానంతటదే పక్కకు పోతోంది. మర్నాడు టిమ్స్‌కు ఫోను చేశాడు.

“సంచీ వేసుకోలేదా?” అన్నాడు టిమ్స్.

“ఏం సంచీ?”

“అదేమిటయ్యా పర్కిస్! స్ప్రింగులు ఇన్నేళ్ళూ ఇద్దరికి అలవాటుపడ్డాయి. ఒక్కణ్ణి మోయమంటే ఎలా మోస్తాయి? పక్కన ఇసుక సంచీ కట్టుకోవాలి. తూకానికి ముందు దించెయ్, అయ్యాక ఎక్కించెయ్. మేమందరం చేసేది అదే.”

మైదానం మూల ఏటా టార్పాలిన్ కింద వరసగా పేర్చి ఉండే ఇసుక సంచులు పర్కిస్‌కు గుర్తొచ్చాయి. వరద కోసం పెట్టారనుకునేవాడు. మురుగుకాలువల అధికారిగా ఆ ముందుచూపును ఒకసారి లిఖితపూర్వకంగా మెచ్చుకున్నాడు కూడా.

“ఎంత బరువుండాలి?”

“సరిగ్గా ఆవిడెంతుంటే అంత.”

ఆ పూట టీ తాగుతూ అడిగాడు. “గ్లెనిస్, నీ బరువెంత?”

గ్లెనిస్ రొట్టెకు వెన్న రాయడం ఆపింది. “ఇన్నేళ్ళలో నా గురించి నువ్వు అడిగిన మొదటి ప్రశ్న,” అంది. “అరవై ఎనిమిది. కోటుతో డెబ్భై.”

“కోటుతోనే రాసుకుంటాను.”

“రాసుకో. అబర్డోవీలో చలి.”

జూన్ పద్నాలుగు పొద్దున పర్కిస్ సంచీని తాళ్ళతో కట్టి సర్దుతుంటే గ్లెనిస్ కోటు వేసుకుని గరాజు గుమ్మంలోకి వచ్చింది. ఇసుక సంచీని తలనుంచి కాళ్ళదాకా చూసింది. సంచీకి అవి రెండూ లేవు గాని, అలాగే చూసింది.

“నేను మార్జరీ వాళ్ళతో వెళ్తున్నా. పాత స్కూలు మినీబస్సు తీసుకున్నారు. మా సీట్లన్నీ అందులో బిగించాం.”

“ఎక్కడికి?”

“సముద్రానికే. నువ్వూ అటే కదా?”

“అటే.”

“అయితే దారిలో కనబడితే చెయ్యెత్తు,” అని వెళ్ళింది.

కారు ఇంత చక్కగా ఎన్నడూ నడవలేదు. ప్రతి మలుపులోనూ నేలకు అతుక్కుని పోయింది. సంచీ హీటరు అడగలేదు, నెమ్మదిగా పొమ్మనలేదు. వేల్స్ సరిహద్దు దాటేసరికి పర్కిస్ దాంతో మాట్లాడుతున్నాడు. తెల్లవారుజామున గుండెల మీద ఉండే బరువు గురించి చెప్పాడు. కప్పు వచ్చాక కూడా అది దిగలేదని చెప్పాడు. ఈ రోజంటే తనకెంత ఇష్టమో చెప్పాడు. సంచీ అన్నీ విన్నది. ఇంత బాగా వినే మనిషి పక్కనుండగా ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదా అనుకున్నాడు. అనుకున్నాక, ఎవరి గురించి అనుకున్నాడో ఒక క్షణం తేలలేదు.

అబర్డోవీలో వాన పడుతోంది. అలవాటుగా రెండు పొట్లాలు కొన్నాడు. ఒకటి సంచీ మీద పెట్టి, రెండోది తిన్నాడు. కాసేపటికి మినీబస్సు వచ్చి పక్కనే ఆగింది. లోపల హీటరు పనిచేస్తున్నట్టుంది. అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి. లోపలినుంచి నవ్వులు వినబడ్డాయి. ఒక అద్దం మీద ఎవరో అరచేత్తో గుండ్రంగా తుడిచారు. ఆ గుండ్రంలో గ్లెనిస్ ముఖం కనబడింది. ఆవిడ సంచీ మీదున్న పొట్లాన్ని చూసింది. తర్వాత పర్కిస్‌ను చూసి, సంఘం నియమావళిలో ఉన్నట్టే, చెయ్యెత్తింది.

పర్కిస్ కూడా ఎత్తాడు. ఎత్తకపోవడం నేరం. కాసేపటికి అద్దం మళ్ళీ ఆవిరి పట్టింది.

ఆ విజయం తర్వాత సంఘంలో పర్కిస్ మాటకు విలువ పెరిగింది. శరదృతువు సమావేశంలో ఓవెన్ లాకియర్ అనే కొత్త సభ్యుడు, పెళ్ళయి రెండేళ్ళయినవాడు, నోటుబుక్కు తెరుచుకుని ఆయన దగ్గరకొచ్చాడు. సిద్ధాంతమంతా అర్థమైందనీ, ఒక్క సందేహమే మిగిలిందనీ అన్నాడు.

“పక్కన ఇసుక సంచీ పెట్టుకుని తిరగడం అలవాటు కావడానికి మీకు ఎన్నాళ్ళు పట్టిందండీ?”

పర్కిస్ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. అబద్ధమాడే మనిషి కాడు.

“ముప్పై ఒక్క ఏళ్ళు,” అన్నాడు.

లాకియర్ శ్రద్ధగా రాసుకున్నాడు. తర్వాత, సంచీలో ఎన్ని కిలోలు నింపాలో తనకు తెలియదని గుర్తొచ్చి, కనుక్కుందామని ఇంటికి ఫోను చేశాడు.