ఝాన్సీ ఇంటర్వ్యూ, కాలనీ మౌనం

ఆ మంగళవారం పొద్దున్న చంద్రమౌళి ఆఫీసుకు సెలవు పెట్టి, తలస్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కున్నాడు. ఇంటర్వ్యూ ఆయనకు కాదు, కూతురు ఝాన్సీకి. ఢిల్లీలో ఒక పెద్ద విశ్వవిద్యాలయం చరిత్రలో ఎం.ఏ. కోసం దేశమంతా వడపోసి కొద్దిమందిని పిలిచింది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ నుంచి ఆ పిలుపు అందుకున్నది ఈ పిల్ల ఒక్కతే. పదకొండు గంటలకు ల్యాప్‌టాప్‌లో ప్రొఫెసర్లతో మాట్లాడాలి.

నెల రోజులుగా శిక్షణ బాధ్యత చంద్రమౌళే నెత్తికెత్తుకున్నాడు. డివిజనల్ ఆఫీసులో సూపరింటెండెంటు కాబట్టి ఇంటర్వ్యూల లోతుపాతులన్నీ తనకు తెలుసని ఆయన నమ్మకం. నిజానికి ఆయన జీవితంలో ఎదుర్కొన్న ఇంటర్వ్యూ ఒక్కటే. తండ్రి సర్వీసులో ఉండగా పోతే ఆ ఉద్యోగం ఈయనకు ఇస్తూ, తండ్రి పేరు అడిగారు. చెప్పాడు. ఆ విజయాన్ని ఇన్నేళ్లూ నెమరేసుకుంటూ వచ్చిన మనిషి ఝాన్సీ చేత ‘నా జీవిత లక్ష్యం’ అనే ఉపన్యాసం బట్టీ పట్టించాడు. మండుటెండల్లో కోటు తొడిగించాడు. పిల్ల పుస్తకం తీస్తే మాత్రం, "అవన్నీ తర్వాత. ముందు నవ్వడం నేర్చుకో" అనేవాడు.

ఇక మిగిలింది నిశ్శబ్దం.

"కాలనీ అంతా గోల. నేనెళ్లి అందరికీ చెప్పొస్తాను" అన్నాడు భార్య కనకంతో. "నువ్వు పడగ్గదిలోంచి కదలకు. మాటొద్దు, గాజుల చప్పుడొద్దు."

"పిల్లకి ఇంటర్వ్యూ ఉందని చెప్పండి. వాళ్లే ఊరుకుంటారు."

"చెప్తే దిష్టి తగల్దేటి? కళ్లల్లో నిప్పులు పోసుకుంటారు! సంగతి చెప్పకుండానే చెప్తాను."

కనకం ఇంకేదో చెప్పబోయింది.

"అప్పుడే మొదలెట్టేవా మాట్లాడ్డం?" అన్నాడు. ఆమె నోరు మూసుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

చంద్రమౌళి ముఖం గంభీరంగా పెట్టుకుని పక్క క్వార్టర్‌లో ఉండే అప్పలనర్సమ్మ గుమ్మం ఎక్కాడు.

"అప్పా, పదకొండు నుంచి కుక్కర్ పెట్టకు. అసలు పొయ్యే వెలిగించకపోతే మరీ మంచిది. టీవీ వద్దేవద్దు."

"ఏటైంది బాబూ?"

"ఇప్పుడేటీ అడక్కు" అని గొంతు తగ్గించాడు. "అంతా అయిపోయేక మీకే తెలుస్తాది."

"కనకం ఏదీ?"

"లోపలుంది. మాట్లాడదు."

అప్పలనర్సమ్మ వెంటనే వెళ్లి పొయ్యి ఆర్పేసింది. నిన్న సాయంత్రం కూడా కనకం నవ్వుతూ కబుర్లు చెప్పింది. చంద్రమౌళి తిరగవలసిన గుమ్మాలన్నీ తిరిగి ఇంటికి చేరేలోపు, అప్పలనర్సమ్మ ఏడుస్తూ ఎదురింటి రాంప్రసాద్‌కు కబురు చెప్పేసింది. రాంప్రసాద్ గూడ్సు బండి గార్డు. కాలనీలో ఎవరు పోయినా కార్యక్రమం అతనే నడిపిస్తాడు. ఆ ఉత్సాహంలో నాలుగోవంతు డ్యూటీలో చూపించి ఉంటే ఎప్పుడో పెద్ద ఆఫీసరయ్యేవాడు. వెంటనే ఫోన్ తీశాడు.

చంద్రమౌళి ఇంటికొచ్చి చూస్తే ఝాన్సీ గది తలుపు మూసి ఉంది. "వెన్ను నిటారుగా!" అన్నాడు తలుపు సందులోంచి. జవాబు రాలేదు. ఆ క్రమశిక్షణకు మురిసిపోయి, వరండాలో కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నాడు.

పదకొండు కాకముందే జనం రావడం మొదలైంది. ఆడవాళ్లు చెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మగవాళ్లు చేతులు కట్టుకుని గోడవారన నిలబడ్డారు. ఒక్కరూ కిక్కురుమనలేదు. ఎలాగో సంగతి పసిగట్టి తన కూతురికి దీవెనలివ్వడానికి వచ్చారనుకున్నాడు చంద్రమౌళి. ఆయన కళ్లు చెమర్చాయి.

"హిమ్మత్ రఖియే, మౌళీ జీ" అని రాంప్రసాద్, ఒక చేత్తో పూలదండ పట్టుకుని, రెండో చెయ్యి ఆయన భుజం మీద వేశాడు.

"ధైర్యం తెచ్చుకో బాబూ" అంది అప్పలనర్సమ్మ.

"నాకు ధైర్యానికేటి లోటు? నెల్లాళ్లుగా దగ్గరుండి అన్నీ నేనే చేసేను."

"నెల్లాళ్లుగానా! మాకు ఒక్క ముక్క చెప్పలేదు."

"చెప్తే అందరూ సలహాలిస్తారు కదా."

"బాగా బాధపడిందా?"

"రాత్రి నిద్ర లేదు. పొద్దున్న రెండిడ్లీలు తింది. కోటు తొడిగి, లోపల కూర్చోబెట్టేను."

"కోటేటి బాబూ!"

"అలాంటి చోటికి కోటు లేకుండా పంపితే పరువుంటాదేటి? ఇంక మన చేతుల్లో లేదు. పైవాళ్లు పిలిచేరు, వాళ్లే చూసుకుంటారు."

మనిషికి మతి చలించిందని అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సరిగ్గా అప్పుడే రాంప్రసాద్ పిలిపించిన శవవాహనం మైకులో భజన పెట్టుకుని సందులోకి వచ్చింది. డ్రైవరు హారన్ కొడుతూ బండిని వెనక్కి తిప్పి గుమ్మానికి ఆనించబోయాడు.

"ఆపు! ఎవడు పిలిచేడు దీన్ని? నా కూతురి బతుకు నాశనం చేస్తారా?" అని చంద్రమౌళి గంతేశాడు. దుఃఖం ముదిరిందనుకుని ఇద్దరు ఆయన రెక్కలు పట్టుకున్నారు. అప్పలనర్సమ్మ ఇక ఆపుకోలేక గుండెలు బాదుకుంది. "ఒలమ్మా కనకమ్మా! మమ్మల్నొదిలి ఎళ్లిపోయేవా!"

పడగ్గది తలుపు తెరుచుకుంది.

"నేనెక్కడికెళ్లేనప్పా? కదలొద్దన్నారు కదా" అంది కనకం.

ఆ తర్వాత లేచిన గోల ఆ కాలనీ ఎన్నడూ వినలేదు. రాంప్రసాద్ చేతిలోని దండ వదిలేసి వరండా మీంచి కిందికి దూకాడు. అప్పలనర్సమ్మకు ముందు భయం వేసింది. తర్వాత, ఏడ్చిన ఏడుపంతా వృథా అయినందుకు కోపం వచ్చింది. కనకం వంగి దండ అందుకుని చూసి, "పూలు మంచివే తెచ్చేరు" అంది.

చంద్రమౌళి చేతులు విడిపించుకుని ఝాన్సీ గదిలోకి దూసుకెళ్లాడు. కుర్చీకి కోటు తగిలించి ఉంది. మనిషి లేదు. వెనక గుమ్మం తలుపు తెరిచి ఉంది.

"పిల్లేదీ?"

"ఊరి చివర కోనిలో స్నేహితురాలి గదికి ఎళ్లింది. అక్కడ ప్రశాంతంగా ఉంటాదంట. మీరు కాలనీ తిరుగుతున్నప్పుడే బయల్దేరింది."

"నాకు ముందే చెప్పవేటి?"

"చెబుదామనే నోరు తెరిచేను. మాటొద్దన్నారు."

మధ్యాహ్నం ఝాన్సీ ఆటో దిగింది. ముఖం వెలిగిపోతోంది. గేటు దగ్గర నలిగిన పూలు చూసి, "ఏటమ్మా ఇది?" అని అడిగితే, "మీ నాన్న ఏర్పాట్లు" అంది కనకం.

చంద్రమౌళి ఎదురొచ్చాడు. "జీవిత లక్ష్యం అడిగేరా?"

"లేదు నాన్నా."

"మరేటి అడిగేరు?"

"నేను చదివిన పుస్తకాల గురించి. చాలాసేపు వాదించుకున్నాం. బహుత్ అచ్ఛా లగా, భలే బాగుంది."

చంద్రమౌళి పెదవి విరిచాడు. అంత పేరున్న విశ్వవిద్యాలయం ఇంత దిగజారిందా అని ఆయనకు జాలి కలిగింది.

నెల తిరక్కుండానే ఝాన్సీకి సీటొచ్చింది. కాలనీ మళ్లీ కదిలొచ్చింది. ఈసారి తండ్రుల కళ్లల్లో భక్తి ఉంది. తన కొడుకును చంద్రమౌళి చేతుల్లో పెట్టిన మొదటివాడు రాంప్రసాద్. ఇప్పుడు ఆదివారాల్లో పిల్లలంతా కోట్లు తొడుక్కుని ఆ వరండాలో వరసగా కూర్చుని నవ్వడం నేర్చుకుంటున్నారు.

అదంతా ఉత్తదని చెప్పగల ఒక్క మనిషి ఢిల్లీలో చదువుకుంటోంది.