ఊఁ కొట్టే ఉద్యోగం

ఒక పెద్ద అడవిలో, మీరూ కాస్త ఊఁ కొడుతూ వినండి తల్లులారా, సింహం కొలువులో రోజూ మధ్యాహ్నం పురాణం జరిగేది. చెప్పేది ఎలుగుబంటి శాస్త్రిగారు. పీట మీద కూర్చుని ఊఁ కొట్టేది గాడిద ఓబులయ్య.

అక్కడొక ఆచారం. ఊఁ వినిపించినంతసేపూ కథ ఆపకూడదు. ఊఁ ఆగితే మంగళం పాడేయాలి. మంగళం కాకుండా లేచినవాడు నేరుగా నరకానికే.

"ఊఁ అంటే నోటి పని కాదే, బుర్ర పని," అనేవాడు ఓబులయ్య పెళ్లాంతో. "కొలువంతా నా ఊఁ మీదే నిలబడింది." అలా అంటూనే రోజూ సగం కథకే గురక పెట్టేవాడు.

ఒకనాడు ముంగిస మంత్రి విన్నవించింది. "ప్రభూ, వీడికి మేత దండగ. జలపాతం పక్కన వెదురు గొట్టానికి బెజ్జం పెట్టించాను. ఆ గాలికి అదే ఊఁ అంటుంది. నిద్రన్నదే ఎరగదు!"

"మరి నేనో?" అన్నాడు ఓబులయ్య.

"నువ్వు హాయిగా గడ్డి తిను బాబాయ్."

గడ్డి సహిస్తేనా! "స్వామీ, ఇంక నన్నెందుకు పుట్టించినట్టు?" అని గుట్ట కింద ఒకటే ఏడుపు.

ఇక్కడ గొట్టం ఊఁ అంటోంది. ఇంత శ్రద్ధగా వినేవాడు జన్మలో దొరకలేదని శాస్త్రిగారు మురిసిపోయారు. పొద్దు వాలింది. ఊఁ. తెల్లారింది. ఊఁ. శాస్త్రిగారి గొంతు పీలగా అయిపోయింది. సింహానికి కడుపు కాలిపోతోంది. ఎదురుగానే జింక ఉంది, కానీ లేస్తే నరకం! భక్తిగా వింటున్నది ఆ జింకొక్కటే.

అంతలో ఓబులయ్య పొదల్లోంచి తొంగిచూశాడు.

"నాయనా, వచ్చి పీటెక్కు!" అని సింహం కేకేసింది. "పీట మీద ప్రాణముంటే గొట్టం ఊఁ చెల్లదు!"

ఓబులయ్యకు కళ్లు చెమర్చాయి. నిటారుగా కూర్చుని, ఒక్క మాటా వదలకుండా, అడవి అదిరేలా "ఊఁ!" అన్నాడు. మళ్లీ "ఊఁ!"

"పడుకోవయ్యా బాబూ!" ముంగిస నెత్తి కొట్టుకుంది.

"ససేమిరా. ఇవాళ బుర్ర పెట్టి వింటున్నా."

సింహం పంజాలు జోడించింది. "నిన్ను పిలిచింది ఊఁ కోసం కాదు తండ్రీ, గురక కోసం."

ఓబులయ్య మనసు చివుక్కుమంది. ఇన్నాళ్లూ కొలువును మోసింది తన బుర్ర అనుకున్నాడు, చూడబోతే కనురెప్పలు. పోనీలే, ఏదో ఒకటి, నాదేగా అనుకున్నాడు. శాస్త్రిగారు రాజుల వంశావళి ఎత్తుకోగానే మనస్ఫూర్తిగా గురక పెట్టాడు.

మంగళం పాడారు. అందరికంటే ముందు లేచి పరిగెత్తింది జింకే.

మీలో వెనక వరసలో ఇద్దరు అప్పుడే ఓబులయ్య పని అందుకున్నారు గనక, నేనూ ముగిస్తాను.

నీతి: పని యంత్రానికి పోతే పోనివ్వండి, బద్ధకాన్ని మాత్రం చేజార్చుకోకండి.