సుగియా చేసిన ప్రాచీన గుర్రం

మట్టి వయసు చెప్పే అధికారం మట్టికి లేదు, పురావస్తు శాఖకే ఉంది. ఈ సత్యాన్ని మా ఊరు కాస్త ఆలస్యంగా గ్రహించింది.

మా ఊరి దిబ్బ లోపల బౌద్ధ స్తూపం ఉందని తవ్వినవాళ్ళు చెప్పారు. పైన మా ఊరి దేవుడు గఢీ బాబా ఉన్నాడని మేం చెప్పాం. (బాబా ఇరువర్గాలనూ ఖండించలేదు.) మొక్కు తీరినవాళ్ళు సొంత చేత్తో మట్టి గుర్రం చేసి దిబ్బ మీద పెట్టాలి. ఎన్ని తరాలు మారినా గుర్రం మారలేదు: మూడు కాళ్ళే నేలకు ఆనుతాయి, ముఖం మేకది.

సుగియా మనవరాలు మూడేళ్ళు పాకి పాకి, ఈ ఛఠ్ పండుగకు లేచి నడిచింది. సుగియా గుర్రం చేసి, పిడకల మంటలో కాల్చి, దిబ్బ ఎక్కబోతుంటే ఉప సంరక్షణాధికారి నిర్మలేందు కర్ణ్ ఆపారు.

“రెండువేల ఏళ్ళనాటి వస్తువు చంకలో పెట్టుకుని ఎక్కడికి?”

“నిన్న చేశాను బాబూ. ఇంకా వేడిగానే ఉంది, ముట్టుకుని చూడు.”

“ఎండకు ప్రాచీన వస్తువులు కూడా వేడెక్కుతాయి,” అంటూ ఆయన దాన్ని తవ్వకాల్లో దొరికిన మ్యూజియం గుర్రం పక్కన పెట్టారు. రెండూ ఒకే మేక.

“అది మా అత్త చేసిందేమో. అదీ ఇచ్చెయ్యి, ఆవిడ మొక్కు కూడా మిగిలిపోయింది.”

కొత్తదని నిరూపించాలంటే తన ఎదుటే మరొకటి చేయమన్నారు. చేసింది. కర్ణ్ భూతద్దంతో చాలాసేపు చూశారు. ఆయన ముఖంలో ఒక సందేహం లేచి నిలబడి, ఉద్యోగం గుర్తొచ్చి కూర్చుంది.

“ఇప్పుడు రెండు ప్రాచీన గుర్రాలు దొరికాయి,” అన్నారు.

“నీ ముందే చేశాను కదయ్యా. ఆ కళ్ళు నీవేనా, అవి కూడా తవ్వి తీసినవా?”

ప్రాచీన వస్తువులు చేసేది ప్రాచీనమే అయి ఉండాలన్న తర్కంతో పైవాళ్ళు సుగియాను రక్షిత కట్టడంగా ప్రకటించారు. ఇంట్లో మిగతావాళ్ళను ఖాళీ చేయించి, కంచె వేసి, నీలం బోర్డు నాటారు. ఆమెను కదిలించరాదు, మరమ్మతు చేయరాదు. (పంటి నొప్పి పరిశీలనలో ఉంది.) ఊరి ఆడవాళ్ళు బోర్డుకు సిందూరం పెట్టసాగారు.

సుగియా మూడో గుర్రం చేసి కంచె మీదుగా అందించబోయింది. “దీన్ని దిబ్బ మీద పెట్టి రండే, పుణ్యముంటుంది.”

“నీకు మొక్కులేంటి చాచీ, మేమే నీకు మొక్కుతుంటే. ముందు మావాడి దగ్గు సంగతి చూడు.”

మనవరాలు ఇప్పుడు చక్కగా నడుస్తోంది. రోజూ కంచె దాకా వచ్చి ఆగుతుంది. నానమ్మ ఒడి ఎక్కడానికి అనుమతి అడిగాం. కట్టడం మీద కొత్త బరువు మోపరాదని జవాబొచ్చింది.