నాలుగు దిక్కుల కాపలా

ఆ రోజు పొద్దున వడ్రంగి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి బల్లను బండి మీదకెక్కించాలి, పదకొండు లోపల లైబ్రరీలో దించాలి, ఒంటిగంటకు ఇంటికొచ్చి అన్నం తిని పడుకోవాలి. పెద్ద ప్లాన్లు వేసి చెడగొట్టుకున్న మనిషి కాబట్టి, చిన్నవి వేసుకుంటే దేవుడి కంట పడవని అతని నమ్మకం.

దేవుడి కంట పడలేదు. బావమరిది కంట పడింది.

ముందు బల్ల సంగతి చెప్పాలి. లైబ్రరీలో పిల్లల కోసం కొత్తగా ఒక గది కట్టారు. ఆ గదికి కావలసిన బల్లలు, కుర్చీలు, పుస్తకాల అరలు అన్నీ ఒకే చేతికి అప్పగిస్తామని, నచ్చేదీ లేనిదీ తేల్చుకోవడానికి ముందు ఒక బల్ల చేసి తెమ్మని లైబ్రరీ మేడమ్ అడిగింది. అది పది నెలల పని. పోయిన వారం వడ్రంగి ఒక్కడే బండి తోసుకుంటూ వెళ్తే మలుపులో నీళ్ల ట్యాంకరు వచ్చి కాలు విరగ్గొట్టింది. విరిగింది బల్ల కాలే అయినా కుంటుతూ ఇంటికొచ్చింది అతనే. మేడమ్ జాలిపడి ఇంకో వారం గడువిచ్చింది. ఇదే ఆఖరని, పదకొండు దాటితే గది తలుపు వేసేస్తానని, ఇంకెవరో కూడా బల్ల తెస్తున్నారని చెప్పింది.

ఈ పని రాకపోతే అతనికి మిగిలేది అన్నయ్య కొట్టు. చదువు అబ్బక బడి మానేసిన రోజుల్లో చేతికి ఉలి ఇచ్చి పని నేర్పింది ఆ అన్నే. ఏడేళ్ల కిందట ఒక బీరువా తలుపు చీలితే, అన్న ఆ చీలికలో పుట్టీ కూరి పైన పాలిష్ కొట్టాడు. తమ్ముడు ఆ మాట కొన్నవాళ్ల ముందే అన్నాడు. పాలిష్ పట్టడం చేతకానివాడికే పుట్టీ కనపడుతుందని అన్న అన్నాడు. నీ గుమ్మం తొక్కనని తమ్ముడు వచ్చేశాడు. నెల తిరక్కుండా చేతులు కట్టుకుని నువ్వే వస్తావని అన్న వెనక నుంచి అరిచాడు. ఆ నెల తిరక్కుండా పళ్ల బిగువున ఏడేళ్లుగా ఆపుతున్నాడు వడ్రంగి.

ఇక బావమరిది సంగతి. అతను కళ్లజోళ్ల కొట్టులో పనిచేస్తాడు. ఊళ్లో సగం మందికి చూపు సరిచేశానన్న ధీమాతో బతుకుతూంటాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం వడ్రంగి కొట్టులోనే, పొట్టు ఊడ్చిన నేల మీద కూర్చుని ఒక ఆట ఆడిస్తాడు. దానికి గళ్లు లేవు, పావులు లేవు. అతను కథ చెబుతాడు. మిగిలినవాళ్లు ఆ కథలో వీరులై అడవులూ కొండలూ దాటుకుంటూ పోతారు. జరుగుతుందా జరగదా అన్న సందేహం వచ్చినప్పుడల్లా ఇరవై ముఖాల పాచిక విసురుతారు. కాలేజీలో చదివే కూతురికి ఆ ఆటంటే ప్రాణం. భార్య మొదట కాపలాకని కూర్చుని తర్వాత ఆటలో పడింది. వడ్రంగి, తన కొట్టులో తనే పరాయివాడు కాకూడదని చేరాడు.

ఆ ఆటలో ప్రయాణానికి ఒక నియమం ఉంది. ఎవరు ముందు నడుస్తారో, ఎవరు మధ్యలో, ఎవరు వెనకో బయల్దేరేముందే చెప్పాలి. ముందున్నవాడికి ముందు నుంచి వచ్చే ప్రమాదమే తెలుస్తుంది, వెనకున్నవాడికి వెనక నుంచి వచ్చేదే. దారి పటం చూసేవాడికి, కట్టెలేరే వాడికి ఏదీ తెలియదు. పనిలో ఉన్నవాడికి కళ్లున్నా లేనట్టే. పైగా ప్రతి వీరుడికీ చూపు లెక్క అని ఒకటి ఉంటుంది. పనిగట్టుకుని వెతక్కపోయినా ఎంత కంటపడుతుందో చెప్పే అంకె. భార్యది పదిహేడు. వడ్రంగిది ఎనిమిది. ఎనిమిది ఎక్కువేనని భార్య అంది.

రెండు వారాల కిందట అతని వీరుడు కట్టెలేరుతూండగా తోడేళ్లు తినేశాయి.

"పనిలో ఉన్నావు బావా. తోడేళ్లు కనపడవు" అన్నాడు బావమరిది.

"ముప్పై ఏళ్లుగా కట్టెల మధ్యే ఉన్నాను. ఒక్క తోడేలూ నా జోలికి రాలేదు."

"వచ్చినా నీకు తెలిసుండదు."

ఆ మాట వడ్రంగికి ఎక్కడో గుచ్చుకుంది. ట్యాంకరు గుర్తొచ్చింది. అందుకే ఈ రోజు పొద్దున బావమరిది సెలవు పెట్టి మరీ వచ్చి, ఆటలో లాగా వరుస కట్టి బల్లను తీసుకెళ్దామన్నప్పుడు, కసురుకోవాల్సినవాడు కసురుకోలేదు.

వరుస తేలింది. ముందు బావమరిది. బండి తోయడం వడ్రంగి. పక్కన ఫోనులో దారి చూస్తూ కూతురు. వెనక భార్య.

"అక్కా, నీది చాలా ముఖ్యమైన వంతు. వెనక తప్ప ఎటూ చూడకు. ముందు సంగతి నేను చూసుకుంటాను."

"ఎటూ చూడొద్దా?"

"చూడొద్దు. నియమం నియమమే."

"సరే" అంది ఆమె. ఆ సరే ఎలాంటి సరేనో వడ్రంగికి పాతికేళ్ల కాపురంలో తెలిసి ఉండాల్సింది. అతను తాళ్లు బిగిస్తున్నాడు. పనిలో ఉన్నాడు.

అద్దె బండ్ల స్టాండు నుంచి తెచ్చిన తోపుడు బండి అది. ప్రతి బండితో పాటూ వాళ్లే ఇచ్చే నీలం టార్పాలిన్ కప్పి నలుగురూ బయల్దేరారు. నూరు అడుగులు వేశారో లేదో బావమరిది పిడికిలి పైకెత్తాడు. బండి ఆగింది. ఎదురుగా ఒక కుక్క నిద్రపోతోంది. దాని నిద్ర నిజమో నటనో తేలేదాకా ఐదు నిమిషాలు నిలబడ్డారు. తర్వాత గోడకు ఆనించిన నిచ్చెన, దాని మీద రంగులు వేసే మనిషి, అతని చేతిలో డబ్బా. పైనుంచి దాడి జరగొచ్చని బావమరిది సందు తిప్పించాడు. ఆ సందులో దుప్పట్లు ఆరేశారు. ఒకటి తీగ తెగి బావమరిది మీద పడింది. ఆ ముసుగులోనే అతను దారి బాగుందని, రమ్మని కేకేశాడు. ముందు చూసేవాడి మాట వినాలి కాబట్టి వడ్రంగి తోశాడు. బండి చక్రం, అప్పుడే పోసిన సిమెంటులోకి దిగింది.

సిమెంటు తాలూకు ఇల్లావిడ బయటికొచ్చి నాలుగు తరాల వరకూ తిట్టింది. దుప్పటి తాలూకు ఆవిడ దుప్పటి లాక్కుంది. పటం చూస్తున్న కూతురు, ఇక్కడ సందు లేనట్టు చూపిస్తోందని చెప్పింది. అందులోంచి బయటపడి రైలు గేటు దగ్గరికి వచ్చేసరికి పది ఇరవై. గేటు పడి ఉంది.

గేటు ముందు ఆటోలు, లారీలు, సైకిళ్లు కిక్కిరిసి ఉన్నాయి. బావమరిది ముఖం గంభీరంగా పెట్టి, విడిది వేసినప్పుడే దాడులు జరుగుతాయని, అందరూ బండికి వీపు పెట్టి తలో దిక్కూ చూడమని చెప్పాడు. తను గేటు వైపు, వడ్రంగి ఎడమ, కూతురు కుడి, భార్య వెనక. నాలుగు దిక్కులకూ నాలుగు జతల కళ్లు. పావుగంట పాటు ఈగ కూడా వాళ్ల కన్నుగప్పి రాలేదు. వడ్రంగికి మొదటిసారి గుండె కుదుటపడింది. గేటు లేచింది. హారన్లు మోగాయి, జనం తోపులాటకు నలుగురూ రెండడుగులు కుడికి జరిగారు, కదలమని బావమరిది అరిచాడు. ఎడమ వైపు నుంచి చూపు తిప్పకుండానే వడ్రంగి వెనక్కి చెయ్యి చాచి, నీలం టార్పాలిన్ కప్పిన బండిని దొరకబుచ్చుకుని తోశాడు.

పదకొండుకు ఐదు నిమిషాల ముందు లైబ్రరీ గదిలో బల్ల దించారు. మేడమ్ గడియారం చూసుకుని తల ఊపింది. వడ్రంగి ఒళ్లు పొంగిపోయి టార్పాలిన్ లాగాడు.

లోపల నున్నగా మెరుస్తున్న బల్ల ఉంది. అందులో నోరు తెరిచిన తన ముఖం తనకే కనపడింది. మూడు సొరుగులు. లేత్ మిషను మీద గుండ్రంగా తిప్పిన కాళ్లు, ఒక్కో కాలికి మూడేసి గాజుల్లాంటి గీతలు. ఆ మూడు గాజులు ఈ ఊళ్లో వేసేది ఒక్కరే.

"నాన్నా, ఇది మనది కాదు" అంది కూతురు నెమ్మదిగా.

"తెలుసు. పెదనాన్నది."

"ఇది మీరు చేసిందేనా?" అని మేడమ్ అడిగింది.

కాదంటే బల్ల ఏదని అడుగుతుంది. గేటు దగ్గర మారిందంటే, ఒక బల్లను కాలు విరక్కుండా తేలేనివాడు, ఇంకో బల్లను పోగొట్టుకోకుండా కూడా తేలేడని తేలిపోతుంది. గోడ గడియారం పదకొండుకు రెండు నిమిషాలంది. అతని కళ్ల ముందు అన్న కొట్టు గుమ్మం మెదిలింది.

"మేం చేసిందే" అన్నాడు వడ్రంగి.

ఆ మాట పూర్తవుతూండగానే తలుపు తోసుకుని అన్న వచ్చాడు. చెమటలు కక్కుతూ బండి లోపలికి తోసి, తమ్ముడి వైపు ఏడేళ్ల నాటి చూపు ఒకటి పారేసి, టార్పాలిన్ లాగాడు. మెరుపు లేని, మూలలు గుండ్రంగా తీసిన, చవకగా కనపడే బల్ల. అన్న దాన్ని చూశాడు. తమ్ముడి పక్కన మెరుస్తున్నదాన్ని చూశాడు. గడియారం సరిగ్గా పదకొండు కొట్టింది.

"మరి ఇది మీదేనా?" అని అడిగింది మేడమ్.

తన బండి మారిన సంగతి తనకు తెలియలేదని తమ్ముడి ముందు ఒప్పుకోవడం కంటే అన్నకు ప్రాణం పోవడం తేలిక. "నాదే" అన్నాడు.

బావమరిది ఏదో చెప్పబోయాడు. కూతురు అతని కాలు తొక్కింది. మేడమ్ మెరిసే బల్ల చుట్టూ తిరిగి, సొరుగు తెరిచి, లోపల అంటించి ఉన్నదేదో చదివి, మళ్లీ మూసింది. అన్న ప్రతి సొరుగులోనూ తన కొట్టు పేరు చీటీ అంటిస్తాడన్నది వడ్రంగికి అప్పుడు గుర్తొచ్చింది. ఆమె మాత్రం కుర్చీలో కూర్చుని, ఎవరి బల్ల గురించి వాళ్లు చెప్పమంది.

వడ్రంగి గొంతు సవరించుకున్నాడు. ఏడేళ్లుగా ఏ పాలిష్‌ను దుమ్మెత్తి పోస్తున్నాడో దాన్నే పొగడాలి. మొదట బల్ల మీద అరచెయ్యి ఆనించాడు. తర్వాత, చిన్నప్పుడు అన్న పక్కన కూర్చుని నేర్చుకున్నదంతా ఒకటొకటే నోటికొచ్చింది. పాలిష్ ఎనిమిది సార్లు పట్టాలని, ఒక్కో పూతకూ ఒక రోజు ఆరనివ్వాలని, గుడ్డ గుండ్రంగా తిప్పాలే తప్ప అటూ ఇటూ లాగకూడదని, ఇలా వచ్చే చెయ్యి ఊళ్లో ఇంకొకటి లేదని చెప్పేశాడు. చెప్పాక, అందులో ఒక్క అబద్ధం కూడా లేదని గమనించి అతనికే ఒళ్లు మండింది.

అన్న వంతు వచ్చింది. మోకాళ్ల మీద వంగి బల్ల కిందికి చెయ్యి పోనిచ్చాడు. అతుకులు తడిమాడు. అడుగున ఉన్న అడ్డపట్టీ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

"పిల్లల కాళ్లు నేలకందవు. వేలాడితే తిమ్మిరెక్కుతాయి. అవి పెట్టుకోవడానికి ఈ పట్టీ" అన్నాడు లేచి. ఆ పట్టీ ఎందుకో తమ్ముడు ఎవరికీ చెప్పలేదు. "మేకు ఒక్కటి లేదు. అతుకుల్లో వెంట్రుక దూరదు."

మేడమ్ ఇంకో ప్రశ్న వేసింది. ఇప్పుడు అవతలివాళ్ల బల్లలో లోపం చెప్పమంది. అంటే ఎవరి పని లోపం వాళ్లే చెప్పుకోవాలి. వడ్రంగి తన బల్ల వైపు చూసి, పైన చెయ్యి పెడితే గీరుకుంటుందని, పాలిష్ పట్టే ఓపిక చేసినవాడికి లేదని ఒప్పుకున్నాడు.

అన్న మెరిసే బల్ల దగ్గరికెళ్లి మూడో సొరుగు లాగాడు.

"మూడో సొరుగు వెనక చీలిక ఉంది. పుట్టీ కూరారు" అన్నాడు. ఆగి, "కూరకుండా ఉండాల్సింది" అన్నాడు.

 మేడమ్ కాగితం తీసుకుని ఏదో రాసుకుంది. కొయ్యపని ఒకరు, పాలిష్ ఒకరు కలిసి చేస్తేనే పని ఇస్తానని, విడివిడిగా అయితే ఇద్దరూ బండ్లు ఎక్కించుకోవచ్చని చెప్పింది. ఎవరి బల్ల మీద ఎవరు సంతకం పెట్టాలో కూడా వేలితో చూపించింది. ఆమె చూపించిన బల్లలు సరైనవే.

బయటికొచ్చాక అన్నదమ్ములు పక్కపక్కనే ఖాళీ బండ్లు పట్టుకుని నిలబడ్డారు. ఇప్పుడు చేతులు కట్టుకుని ఆ గుమ్మం తొక్కాల్సిందేనని వడ్రంగి నేల చూస్తున్నాడు.

"నీ కొట్టులోనే చేద్దాం రా. నా కొట్టులో పాలిష్ వాసనకు నీకు దగ్గొస్తుంది" అన్నాడు అన్న.

"ఏడేళ్ల కిందటి దగ్గు అది."

"గుర్తుందిలే. సోమవారం వస్తాను. ముందు పొట్టు ఊడ్పించు."

అన్న బండి తోసుకుంటూ వెళ్లిపోయాడు. అతను మలుపు తిరిగాక వడ్రంగి బావమరిది మీద పడ్డాడు. నలుగురు మనుషులు నాలుగు దిక్కులా కాపలా కాస్తుంటే కళ్ల ముందు బండి మారిపోవడం ఏమిటని కడిగేశాడు. బావమరిది నియమాల పుస్తకంలో వెతుక్కుంటానన్నాడు. కూతురు తను పటం చూస్తున్నానంది. అప్పుడు వడ్రంగి భార్య వైపు తిరిగాడు. పొద్దున ఆ సరే అన్న తర్వాత ఆమె ఒక్క మాట మాట్లాడలేదన్న సంగతి అతనికి ఇప్పుడే తట్టింది.

"నువ్వైనా చూడలేదా?"

"చూశాను. బావగారు మన వెనకే వచ్చారు, బండి మన కుడి పక్కన పెట్టారు, నీళ్లు తాగడానికెళ్లారు. మీరు ఆయన బండి తోసుకెళ్లారు. ఆయనొచ్చి మిగిలింది తోసుకొచ్చారు."

"మరి ఎందుకు చెప్పలేదే?"

"నన్ను వెనక చూడమన్నారు" అంది ఆమె చీర కొంగు సర్దుకుంటూ. "మీరు తోసే బండి నాకు ముందుంది."

ఆ సోమవారం తర్వాత వచ్చిన ఆదివారం ఆటలో ఆమె చూపు లెక్కను ఇరవైకి పెంచారు. పాలిష్ గుడ్డతో కొత్తగా వచ్చి చేరిన వీరుడికి పది ఇచ్చారు. వడ్రంగిది మాత్రం ఎంత బతిమాలినా ఎనిమిది దగ్గరే ఉంచారు.